పాస్‌బుక్కులో 1-20, నోట్‌బుక్కులో 1.20

వరంగల్ చుట్టుపక్కల రైతు ఇళ్లలో పట్టాదారు పాస్‌బుక్కును బీరువాలో బట్టల కింద భద్రంగా దాస్తారు. అందులో విస్తీర్ణం దగ్గర 1-20 అని ఉంటే ఎకరం ఇరవై గుంటలు అని అర్థం. కొన్ని కాగితాల్లో గీతకు బదులు చుక్క పెట్టి 1.20 అని కూడా రాస్తారు. అదే ఇంట్లో ఆరో తరగతి చదివే అమ్మాయికి బడిలో దశాంశాలు నడుస్తుంటాయి. 1.20కి 1.30 కలిపితే 2.50 అని ఆమె నోట్‌బుక్కులో రాస్తుంది, టీచర్ రైట్ కొడతారు. ఎకరం ఇరవై గుంటలకు ఎకరం ముప్పై గుంటలు కలిపితే ఎంతని వాళ్ల నాన్నను అడిగితే మాత్రం, ఆయన కాగితం జోలికి పోకుండానే "మూడెకరాల పది గుంటలు" అంటాడు.

రెండూ కరెక్టే. ఎకరానికి 40 గుంటలు కాబట్టి నాన్న లెక్కలో 40 నిండగానే ఒకటి ఎడమ పక్కకు జరుగుతుంది. బడి లెక్కలో పది నిండగానే జరుగుతుంది. గడియారంలో అయితే 60 నిమిషాలు నిండాలి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే స్థానవిలువ అంటే ఏమిటో పిల్లకు ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. ఎకరంన్నరను పాస్‌బుక్కు 1-20 అనీ, బడి 1.5 అనీ ఎందుకు రాస్తాయో కూడా అర్థమవుతుంది. చాలా ఇళ్లలో ఆ మాట ఎవరూ చెప్పరు. బడి వాళ్లు పాస్‌బుక్కు చూడరు, ఇంటివాళ్లు నోట్‌బుక్కు తెరవరు. నాన్నకు వచ్చిన లెక్క అసలు లెక్కే కాదని పిల్ల అనుకుంటుంది. నాన్న కూడా అలాగే అనుకుంటాడు, అదే ఎక్కువ బాధ కలిగించే విషయం. "నాకేం లెక్కలొస్తయి బిడ్డా, మీ సార్‌ను అడుగు" అంటాడు.

ఇంటి లెక్కకూ బడి లెక్కకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్నారు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయల వంటివి అమ్మే పిల్లల మీద జరిపిన అధ్యయనం 1985లో వచ్చింది. కొనేవాళ్లలా వెళ్లి బేరమాడుతూ అడిగిన లెక్కలకు ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను అంకెలుగా కాగితం మీద ఇస్తే నూటికి 37 మాత్రమే సరిపోయాయి. 35 చొప్పున పది కొబ్బరికాయలు ఎంతని అడిగితే, 12 ఏళ్ల పిల్లవాడు పక్కన సున్నా పెట్టే పద్ధతి వాడలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, మరో మూడు కలిపితే 315, ఆపైన ఒక్కటి, మొత్తం 350 అన్నాడు. మన సంతల్లో కూరగాయలమ్మే పెద్దమ్మలు చేసే లెక్క కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది.

2025 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన ఈ విషయాన్ని మన దేశంలోనే, ఇంకా పెద్ద ఎత్తున చూపించింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలనూ బడి పిల్లలనూ పోల్చి చూసింది. కిలోల ధరలు, మిగిలిన చిల్లర నోటితో చెప్పేసే పిల్లలు బడి పద్ధతిలో రాసిచ్చిన మామూలు భాగహారం దగ్గర ఆగిపోయారు. దానికంటే ఆలోచించాల్సింది రెండో సగం. బడి లెక్కలు బాగానే చేసే పిల్లలు అంగడి లెక్క ఎదురైతే తడబడ్డారు. అంటే ఒక చోట వచ్చిన లెక్క తనంతట తాను నడుచుకుంటూ రెండో చోటికి పోదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టి అవతలికి తీసుకెళ్లాలి.

ఉత్తర తెలంగాణలో ఆ పని మొదలుపెట్టడానికి గుంట కంటే మంచి చోటు లేదు. గుంట అంటే పక్కకు 33 అడుగులుండే చదరం. గజాల్లో 11 పొడవు, 11 వెడల్పు, అంటే 121 చదరపు గజాలు. ఇలాంటివి 40 కలిస్తే 4,840 చదరపు గజాలు, ఒక ఎకరం. "గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు" అని ప్లాట్లు అమ్మేవాళ్ల నోటి నుంచి పిల్లలు రోజూ వింటూనే ఉంటారు. ఆ 121 ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలియదు. బడి గ్రౌండ్‌లో నాలుగు మేకులు కొట్టి, తాడుతో 11 గజాల చదరం కట్టి, పిల్లలను అందులో నిలబెడితే 11 వర్గం 121 అన్నది కాళ్ల కింద కనిపిస్తుంది.

అక్కడితో ఆపేస్తే సగం ఆనందం పోయినట్టే. అదే గుంటను పొడుగ్గా కొలవమనాలి. 22 గజాల పొడవు, ఐదున్నర గజాల వెడల్పు. గుణిస్తే మళ్లీ 121 వస్తుంది. ఇప్పుడు రెండింటి చుట్టూ కంచె వెయ్యాలంటే తీగ ఎంత పడుతుంది? చదరానికి 44 గజాలు, పొడుగు ముక్కకు 55 గజాలు. భూమి అంతే ఉంది, తీగ మాత్రం 11 గజాలు ఎక్కువ అడిగింది! ఏడో తరగతి పిల్లలు ఇక్కడ కచ్చితంగా గొడవ పడతారు. కొలత తప్పయిందంటారు, మళ్లీ కొలుస్తారు, ఇంకా సన్నగా చేస్తే ఏమవుతుందని అడుగుతారు. వైశాల్యం, చుట్టుకొలత వేర్వేరని బోర్డు మీద పదిసార్లు చెప్పినా రాని స్పష్టత ఆ గొడవలో వస్తుంది. అన్నదమ్ములు పంచుకున్న పొడుగు మడికి కంచె ఖర్చు ఎందుకు ఎక్కువవుతుందో ఇంటికెళ్లి చెప్పే పిల్లలు కూడా ఉంటారు.

చిన్న తరగతుల్లో పిల్లలు ఆగిపోయే చోటు వేరు. 52లో నుంచి 27 తీసెయ్యమంటే చాలామంది 35 అని రాస్తారు. దాన్ని పరధ్యానం అనుకుని కొట్టిపారెయ్యకూడదు. రెండులో నుంచి ఏడు పోదు కాబట్టి ఏడులో నుంచి రెండు తీసేస్తారు, తరువాత ఐదులో నుంచి రెండు. ఆ పిల్లల మనసులో ఒక నియమం ఉంది, దాన్ని నిజాయితీగా పాటించారు. నియమమే తప్పు. పేజీ మీద ఎర్ర ఇంటూ పెడితే ఆ నియమం చెక్కుచెదరదు, పిల్లలకు టెన్షన్ మాత్రం పెరుగుతుంది. అడగాల్సింది ఒకే ప్రశ్న.

"ఎట్ల చేసినవ్ బిడ్డా, నాకు చెప్పు."

"రెండుల ఏడు పోదు గదమ్మా. అందుకే ఏడుల రెండు తీసేసిన."

"సరే. నీ దగ్గర యాభై రెండు రూపాయలున్నయనుకో. ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు. షావుకారికి ఇరవై ఏడు ఇయ్యాలె. ఎట్లిస్తవ్?"

"రెండు పదులిస్త... ఏడు రూపాయలకు బిళ్లలు లేవు."

"మరి?"

"ఇంకో పది నోటు చిల్లర తెచ్చుకుంట."

అయిపోయింది. మూడు పదులిచ్చి మూడు రూపాయలు వెనక్కి తీసుకుంటానని ఇంకో పిల్లవాడు చెప్పొచ్చు, అది ఇంకా మంచి దారి. రెండిట్లోనూ చేతిలో మిగిలేది ఇరవై ఐదే. తరువాత ఆ చిల్లరనే కాగితం మీద చూపించాలి. ఐదు కొట్టేసి నాలుగు రాయడమంటే ఒక పది నోటు తగ్గింది. రెండు పక్కన ఒకటి చేర్చి పన్నెండు చెయ్యడమంటే బిళ్లలు పన్నెండయ్యాయి. బడుల్లో దీన్ని 'అప్పు తెచ్చుకోవడం' అంటారు. ఈ మాట మానేస్తేనే మంచిది. మన ఊళ్లలో అప్పంటే తిరిగి కట్టాలని మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చి తిరిగివ్వని లెక్క అతనికి అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు. చిల్లర మార్చుకోవడం అంటే ఏ ఇబ్బందీ ఉండదు.

భాష సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులు ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు వచ్చాయి. అదే ఏడాది ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదవడం, రాయడం, లెక్కల పునాది గట్టిపడాలని తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. ఎదురెదురు పేజీలు మంచి ఆలోచన. లెక్కల్లో దాన్ని పూర్తిగా వాడుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో తెలుగుకు ఒక బలం ఉంది. ఇరవై దాటాక తెలుగు అంకెల పేర్లు ఎంతో శుభ్రంగా నడుస్తాయి. ఇరవై ఒకటి, ముప్పై నాలుగు, తొంభై తొమ్మిది, ఏ అంకె పలికినా పదులెన్నో ఒకట్లెన్నో చెవికి వినిపిస్తాయి. హిందీలో నూరు దాకా పేర్లు దాదాపు ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిష్‌లో ఫోర్టీన్, ఫార్టీ అన్నవి చిన్నపిల్లల చెవికి ఒకేలా ఉంటాయి. పద్నాలుగు, నలభై అని విన్న పిల్లకు ఆ తికమక రాదు. అందుకే ఒకటో తరగతిలో 14ను 41గా, 40గా రాసే పిల్లలకు ముందు తెలుగులో చెప్పించి, వెంటనే ఇంగ్లిష్ పేరు చేర్చాలి. ఇంగ్లిష్ మీడియం కదా అని ఇంట్లో అమ్మ తెలుగు అంకెలు మానేయాల్సిన పని లేదు.

ఎక్కాల గురించి రెండు వర్గాలున్నాయి. బట్టీ పట్టాల్సిందే అని ఒకరు, బట్టీయే పాపం అని ఇంకొకరు. ఎక్కాలు నోటికి రావాలి, అందులో సందేహం లేదు. ఏడెనిమిదులెంతో వేళ్ల మీద లెక్కపెట్టే పిల్ల భిన్నాల దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతుంది. అయితే నోటికి రావడానికి ముందు చేతికి రావాలి. పాత కొలతలు దీనికి భలే పనికొస్తాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇంట్లో మానిక, సోల ఇంకా ఉంటే బియ్యంతో కొలిపించవచ్చు. సోల నుంచి మానికకు పోవాలంటే రెండుసార్లు రెట్టింపు చెయ్యాలని పిల్లలే కనిపెడతారు. అదే కిటుకు ఏడెనిమిదులకు వాడాలి. ఏడు రెట్టింపు 14, దాని రెట్టింపు 28, ఇంకోసారి 56. ఎనిమిదో ఎక్కం మరిచిపోయినా మళ్లీ కట్టుకోగలనన్న ధైర్యం అప్పుడు వస్తుంది. పిల్లలకు ఈ ధైర్యం ఎక్కం కంటే విలువైనది.

ఊరికే తీసివేతలు చేయమంటే విసుక్కునే పిల్లలకు ఒక ఆట ఉంది. నాసిక్ దగ్గరి దేవలాలీలో బడి పంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1949లో దాన్ని బయటపెట్టారు. ఇంటి ముందున్న బండి నంబర్ చాలు, నాలుగు అంకెలూ ఒకటే కాకపోతే సరి. 4518 అనుకుందాం. అంకెలను పెద్దది ముందుగా పేరిస్తే 8541, చిన్నది ముందుగా పేరిస్తే 1458. తీసేస్తే 7083. మళ్లీ అలాగే 8730 లోంచి 0378 తీస్తే 8352. మళ్లీ 8532 లోంచి 2358 తీస్తే 6174. ఇక అక్కడి నుంచి ఎన్నిసార్లు చేసినా 6174 వదలదు. ఏ బండి నంబర్ తీసుకున్నా ఏడు మెట్లలోపే అక్కడికి చేరాల్సిందే. వీధిలో ఉన్న బండ్లన్నిటి నంబర్లూ రాసుకొచ్చి పరీక్షించే పిల్లలు ఆ సాయంత్రం ముప్పై తీసివేతలు చేస్తారు, ఒక్కటి తప్పినా వాళ్లకే తెలుస్తుంది. సున్నాను ముందు పెట్టి 0378 అని రాయడం మాత్రం ముందే చెప్పి ఉంచాలి.

అష్టాచెమ్మ ఇంకా గొప్ప బడి. నాలుగు గవ్వలు, అవి లేకపోతే ఒక వైపు అరగదీసిన నాలుగు చింతగింజలు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఆడుతున్నంతసేపూ పిల్లలు అష్ట కోసమే మొక్కుకుంటారు, రెండే పదేపదే పడుతుంటుంది. ఎందుకలా? వంద పందేలు వేసి, ప్రతిసారీ ఎన్ని పడ్డాయో బలపంతో గీతలు పెట్టమనాలి. తరువాత కాగితం మీద నాలుగు గింజలు ఎన్ని రకాలుగా పడగలవో రాయించాలి. మొత్తం 16 రకాలు. వాటిలో రెండు తెల్లగా పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మ ఒకటే, అష్ట ఒకటే. గింజలు సరిసమానంగా అరగవు కాబట్టి గీతలు అచ్చం అలాగే రావు, కానీ కుప్ప మాత్రం రెండు దగ్గరే పెరుగుతుంది. సంభావ్యత అనే పాఠం పేరు విననివాళ్లు కూడా ఆ కుప్పను గుర్తుపడతారు.

ఓమనగుంటలలో నానమ్మ ఒక్క చూపుతో గుంటలోని గింజలెన్నో, చివరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పేస్తుంది. ఎట్ల తెలిసిందని మనవరాలు అడిగితే సమాధానం చెప్పడం ఆమెకు కష్టమే, అయినా అడగాలి. వృత్తానికి బతుకమ్మ చాలు. 35 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న తాంబాలం అంచు చుట్టూ దారం తిప్పి కొలిస్తే దాదాపు 110 సెంటీమీటర్లుంటుంది. చిన్న పళ్లెమైనా పెద్ద తాంబాలమైనా అడ్డంగా ఉన్నదానికి మూడు రెట్లు, ఇంకొంచెం. తంగేడు, గునుగు వరుస వరుసకూ ఎన్ని తగ్గుతున్నాయో తొమ్మిది రోజుల్లో ఏదో ఒక రోజు లెక్కపెడితే అది ఇంకో పాఠం.

ఇవన్నీ చదివి, రోజూ గంటసేపు పిల్లలను పక్కన కూర్చోబెట్టి లెక్కలు చేయించాలని కొందరు తల్లిదండ్రులకు అనిపించవచ్చు. ఆ విషయంలో జాగ్రత్త అవసరం. 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద వచ్చిన పరిశోధన ఒక చేదు నిజం చెప్పింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్క్‌లో తరచుగా సాయం చేసిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారు, వాళ్లకూ భయం పెరిగింది. అదే తల్లిదండ్రులు సాయానికి అంతగా కూర్చోని ఇళ్లలో ఆ నష్టం కనిపించలేదు. పక్కన కూర్చున్న మనిషి విసుగు, తొందర, "ఇది కూడా రాదా" అన్న మాట అంకెల కంటే ముందు మెదడులోకి పోతాయి. భయం వేసినప్పుడు మనసులో లెక్కను పట్టి ఉంచే చోటు ఇరుకైపోతుంది. లెక్క వచ్చిన పిల్లవాడు కూడా అప్పుడు మరిచిపోతాడు. హోంవర్క్ దగ్గర ఓపిక లేని రోజు పుస్తకం మూసేసి గవ్వలు తీయడమే మేలు.

వరంగల్, హనుమకొండల్లో చదువు మీద గౌరవం ఎక్కువ. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన నిట్ ఇక్కడే ఉంది. ఎంపీసీలో చేరిన పిల్లలున్న ఇంటికి ఊళ్లో ఒక మర్యాద ఉంటుంది. ఆ గౌరవమే ఇప్పుడు ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ రూపంలో కిందికి దిగింది. భిన్నాలు ఇంకా కుదురుకోని పదకొండేళ్ల పిల్లలు నాలుగు ఆప్షన్లలో ఒకటి నిమిషంలో టిక్కు పెట్టడం నేర్చుకుంటున్నారు. దాని కోసం అంత డబ్బు, అంత నిద్ర ఖర్చు చెయ్యడం సరైంది కాదు. వేగం చివర రావాల్సింది. దాన్ని ముందు పెడితే నెమ్మదిగా, లోతుగా ఆలోచించే పిల్లలు తమకు లెక్కలు రావని పదేళ్లకే తీర్మానించుకుంటారు.

పెద్ద తరగతులకు వచ్చాక ఇంటి లెక్కకూ బడి లెక్కకూ మధ్య దూరం డబ్బు రూపంలో నష్టం చేస్తుంది. ఊళ్లో మిత్తిని నూటికి, నెలకు చెబుతారు. రెండు రూపాయల మిత్తి అంటే నెలకు నూటికి రెండు. బ్యాంకు శాతాల్లో, సంవత్సరానికి చెబుతుంది. పంట రుణం 7 శాతం అన్న మాట వినగానే, రెండు కంటే ఏడు పెద్దది కదా అనుకునే అవకాశం నిజంగా ఉంది. ఎనిమిదో తరగతి పుస్తకంలో బారువడ్డీ, చక్రవడ్డీ పాఠాలు చదువుతున్న పిల్లకు ఈ రెండిటినీ ఒకే వరుసలో రాయమని చెప్పాలి. పదివేలకు రెండు రూపాయల మిత్తి నెలకు 200, ఏడాదికి 2,400, అంటే 24 శాతం. బ్యాంకులో అదే పదివేలకు ఏడాదికి 700. మిత్తి కట్టలేక ఏడాది చివర అసలులో కలిపి కొత్త నోటు రాసుకుంటే రెండో ఏడు మిత్తి 2,976 అవుతుంది, మూడో ఏడు ముగిసేసరికి పదివేల అప్పు 19,066 రూపాయలకు చేరుతుంది. ఇది ఆ పిల్ల తన నోట్‌బుక్కులో, తన చేత్తో, నాన్న ముందు కూర్చుని చెయ్యాల్సిన లెక్క. నోటు మీద సంతకం పెట్టేముందే చెయ్యాలి.